బంతి పడిన చోటు

తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి రన్‌వే ఒకటి ఉంది. అక్కడ విమానం వాలగా చూసినవారు మా ఊళ్ళో అరుదు. సిమెంటు పలకల నెర్రెలలో గరిక మొలిచి, రెండు పక్కలా తుమ్మ కమ్ముకుని, నడుమ మిగిలిన మైదానం ఊరందరి సొత్తయింది. తెల్లవారుతూనే నడకకు వచ్చేవారు, స్కూటరు నేర్చుకునేవారు, మాసూళ్ళ రోజులలో ధాన్యం ఆరబోసుకునేవారు ఎవరి జాగా వారు చూసుకునేవారు. రెండువేల సంవత్సరం దాటిన తొలి యేళ్ళలో ఆ రన్‌వే ఒక కొసన ఇద్దరు వృద్ధులు గోల్ఫ్ ఆడేవారు. వారిలో పంచె కట్టుకున్నవాణ్ణి నేను.

నేను కళాశాలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రబంధాలలోని కందుకక్రీడను ఎన్ని తరగతులకు వర్ణించి చెప్పానో లెక్కలేదు గాని, స్వయంగా బంతి పట్టిన పాపాన పోలేదు. మాకు సంతానం లేదు. నా భార్య కాలం చేసిన తరువాత ఇంటిని నిశ్శబ్దం ఆవరించిందని అందరిలాగా నేనూ అనవచ్చు. కాని అది నిజం కాదు. రేడియో మోగేది, పక్కింటి కుక్కరు కూసేది, పెరట్లో కొబ్బరిమట్టలు రాలేవి. లేకుండా పోయినది ప్రశ్న. “ఏవండీ, గొడుగు పట్టుకెళ్తున్నారా?”, “ఏవండీ, వీధి తలుపు గడియ వేశారా?” అని రోజూ వినవచ్చే ప్రశ్నలు, నేను పుస్తకం మీది నుండి తల ఎత్తకుండా విసుగ్గా జవాబు చెప్పిన ప్రశ్నలు, ఒక్కుమ్మడిగా ఆగిపోయాయి. ఆ తరువాత నేను మాట్లాడవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. పాలు పోసే ఆవిడ ముందుకు గిన్నె చాచితే చాలు; ఆమె పోసేది, నేను లోపలికి వచ్చేవాణ్ణి.

అటువంటి రోజులలో, ఒక చలికాలపు ఉదయం, రన్‌వే మీద నడుస్తూండగా వెనుక నుండి ఒక కంఠం పిలిచింది.

“ఏవండీ! కాస్త ఆ బంతి ఎక్కడ పడిందో చూశారాండీ?”

వెనుదిరిగి చూశాను. నెత్తిన గుడ్డ టోపీ, చేతిలో పొడుగాటి ఇనుపకర్ర, పాదాల చెంత గుమ్మం ముందు పరుచుకునే కొబ్బరిపీచు పట్టా ఒకటి. వయసులో నా ఈడువారే. నా తల మీదుగా ఏదో తెల్లనిది వెళ్ళడం నేను చూసే ఉన్నాను.

“చూశానండీ. అదిగో, ఆ ఒంటి తుమ్మకు ఇవతల, ఎడమచేతి వైపు గడ్డిలో పడింది,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“పొద్దు కంట్లో పడి కనబళ్ళేదండీ,” అంటూ ఆయన మరొక బంతిని పట్టా మీద ఉంచి, “ఇది కూడా కాస్త చూసి పెడతారేంటండీ?” అని అడిగారు.

ఆ విధంగా నాకొక ఉద్యోగం దొరికింది. ఆయన కొట్టేవారు; నేను చూసేవాణ్ణి. పూర్వాశ్రమంలో ఆయన అస్సాం తేయాకు తోటలలో వైద్యులు. గణపవరం పక్క పల్లెలో పుట్టి, మిషన్ బడిలో చదివి, అంత దూరం వెళ్ళి, ఉద్యోగకాలమంతా అక్కడే గడిపారు. తోటలో చిన్న గోల్ఫ్ మైదానం ఉండేదనీ, ఆవులు మేస్తున్నా వాటి మధ్యనే ఆడేవారమనీ చెప్పేవారు. భార్యను ఆ నేలలోనే సమాధి చేసి, రెండు పెట్టెలతోనూ ఒక కర్రల సంచితోనూ తిరిగి వచ్చారు. నేను ఆయనను డాక్టరు గారూ అనేవాణ్ణి; ఆయన నన్ను మాస్టారూ అనేవారు. అంతకు మించిన పేర్లు మాకు అవసరం పడలేదు.

వేసవి వచ్చేసరికి కర్ర నా చేతిలోకి కూడా వచ్చింది. పంచె ఎగగట్టి నిలబడగానే నడక స్నేహితులలో ఒకరు ఆగి, “మాస్టారూ, పాముని కొడుతున్నారాండీ?” అని అడిగి మరీ వెళ్ళారు. నిజానికి నా వాలకం అలాగే ఉండేది. కర్రను వెనక్కు ఎత్తడం, ఎత్తిన వేగంతోనే కిందికి విసరడం. డాక్టరు గారు ఓపిక పట్టి, “పైకెత్తిన చోట ఒక్క క్షణం ఆగాలండీ. పద్యంలో మీరు యతి దగ్గర ఆగుతారు చూడండి, అలాగ,” అన్నారు.

“తెలుగు యతి విరామం కాదండీ, అక్షర మైత్రి. ఆగడం సంస్కృతంలో ఉంది,” అన్నాను, ఉండబట్టలేక.

“అయితే సంస్కృతంలో కొట్టండి బాబూ!” అన్నారు ఆయన.

ఆయనకు కొన్ని నియమాలు ఉండేవి. ఆటలో సాధన శిక్షగా మారితే కర్ర పారేసి ఇంటికి పోవడం మేలని ఆయన మతం. అందుచేత దూరపు దెబ్బలు కొద్దిగానే కొట్టాలి. చేతికి ఇంకా కొట్టాలని ఉండగానే ఆపాలి. చివరి బంతి ఎప్పుడూ దగ్గరి బంతి కావాలి: పట్టాకు రెండు బారల అవతల పడేటట్టు, తప్పడానికి వీలులేనంత సులువుగా. “చెయ్యి సంతోషంగా ఇంటికెళ్ళాలండీ, మాస్టారూ. రాత్రంతా అదే గుర్తుంటుంది దానికి,” అనేవారు. మేమే తవ్వుకున్న చిన్న గుంటలో ఎవరి బంతి ముందుగా పడితే వారిది గెలుపు. నేను ఓడితే ఆయన చెప్పే తేయాకు తోట కథ వినాలి. ఆయన ఓడితే నేను చదివే పద్యం వినాలి. కథలు మళ్ళీ మళ్ళీ అవే వచ్చేవి, పద్యాలూ అంతే. అయినా ఓడినవారు మూతి బిగించుకుని కూర్చుని వినేవారు.

వానాకాలంలో ఆయన పెరట్లో ఆడేవాళ్ళం. కైకలూరులో ఐసు వ్యాపారం చేసే తమ్ముడి వరస బంధువు ఒకరు ఆయనకు చేపల చెరువులో వాడి చినిగిన వల ఒకటి పంపించారు. దానిని రెండు కొబ్బరిచెట్ల మధ్య వేలాడగట్టి, బంతిని అందులోకి కొట్టేవాళ్ళం. ఎంత ఎండినా ఆ వలకు చేపల వాసన పోలేదు. మా బంతులకు కూడా అది పట్టింది. ఆదివారాలు ఆయన చర్చికి వెళ్ళేవారు గనుక ఆట ఉండేది కాదు. ఆ రోజు నేను ఇంట్లోనే, ఆయన దగ్గర తెచ్చుకున్న పొట్టి కర్రతో, వసారా గచ్చు మీద స్టీలు గ్లాసు అడ్డంగా పడుకోబెట్టి, అందులోకి బంతిని దొర్లించేవాణ్ణి. లోపలికి వెళితే ఖంగుమని మోగేది. ఆ గ్లాసు నా భార్య మజ్జిగ తాగినది. ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఇంట్లో నేను చేసిన చప్పుడు అదొక్కటే.

గోల్ఫ్‌లో ఆదిమ దోషం తల ఎత్తడం. కర్ర తాకకముందే బంతి ఎటు పోయిందో చూడాలనే ఆత్రంతో తల లేస్తుంది. తల వెంట భుజం, భుజం వెంట కర్ర. అంచు మాత్రమే తగిలి బంతి నేలబారున పాకిపోతుంది. నాకు అది చాలాకాలం వదలలేదు. డాక్టరు గారు ఒకనాడు నా ఎదుట నిలబడి గట్టిగా చెప్పారు.

“కొట్టడం మీ పని. చూడ్డం నా పని. పని పంచుకున్నాక ఒకళ్ళ పనిలో ఒకళ్ళు వేలెట్టకూడదండీ.”

“కనిపించకపోతేనో?”

“నేనున్నాను కదండీ!”

ఆ మాట నన్ను కుదుటపరచింది. తల వంచి, పీచు పట్టాను చూస్తూ, కర్ర దించేవాణ్ణి. బంతి పోయిన తరువాత కూడా ఖాళీ పట్టానే చూస్తూ నిలబడేవాణ్ణి. కొంచెం సేపటికి ఆయన కంఠం వినిపించేది: “దివ్యం! కుడిపక్క, కంపలకి ఇవతల.” ఆ వైపుగా వెళితే బంతి దాదాపు అక్కడే ఉండేది. ఆ ఎదురుచూపులో ఎంత నిశ్చింత ఉండేదో చెప్పడం కష్టం. నా సంగతి ఒకటి మరొకరు చూస్తున్నారు, నేను చూసుకోనక్కరలేదు.

ఆ మైదానానికి అసలు హక్కుదారులు తీతువు పిట్టలు. సంస్కృతంలో టిట్టిభమంటారు. కంకరలోనే గుడ్లు పెట్టి, అడుగు చప్పుడైతే చాలు లేచి ఆకాశం బద్దలయ్యేటట్టు అరుస్తాయి. తీతువు కూస్తే చావు కబురని మా పెద్దలు చెవులు మూసుకునేవారు. నాకూ ఆ అరుపు కిట్టేది కాదు. “పాడు పిట్టలు,” అంటే డాక్టరు గారు, “వాటినేమీ అనకండి మాస్టారూ, మన స్టాఫండీ అవి,” అని నవ్వేవారు. హాస్యమనుకున్నాను.

ఆయన మాటలలో హాస్యమనుకున్నవి ఇంకా ఉన్నాయి. ఒకసారి నా కర్ర గాలిని మాత్రమే కోసింది. బంతి పట్టా అంచున పడి ఉంది. ఆయన అల్లంత దూరం తేరిపార చూసి, “తిన్నగా వెళ్ళిందండీ, ఒంటి తుమ్మ దాటేసింది!” అన్నారు. సరిగ్గా అప్పుడే అటు తీతువు ఒకటి తన కారణాన తాను అరుస్తోంది. నేను వంగి బంతిని తీసి చూపించేసరికి ఆయన క్షణం ఆగి, పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత గడుసు మనిషి అనుకున్నాను.

కొల్లేటిలో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు తెగ్గొట్టిన మరుసటి వేసవిలో కైకలూరు బంధువు మమ్మల్ని పిలిచారు. “మీకు కావలసినంత చోటండీ, అడ్డు చెప్పేవాడు లేడు,” అన్నారు. నిజమే. తెగిన గట్ల నడుమ ఎండిన చెరువు కనుచూపు మేర నల్లగా పరచుకుని ఉంది. మేము కర్రలు తీయగానే లంకల జనం గట్టెక్కి నిలబడ్డారు. బంధువు మా పక్కనే చేతులు కట్టుకుని నిలుచున్నారు.

“ఎంత దూరం కొట్టాలండీ అన్నయ్య గారూ?”

“కొట్టగలిగినంత,” అన్నారు డాక్టరు గారు.

“కొట్టి?”

“వెళ్ళి వెతుక్కోవాలి.”

“వెతుక్కుని?”

“మళ్ళీ కొట్టాలి.”

“ఆయ్! పట్టిన చేపని మళ్ళీ చెరువులో వదిలినట్టన్నమాట!” అన్నారు బంధువు. గట్టు మీద జనం గొల్లుమన్నారు.

మేము ఊహించని సంగతి నేల పగుళ్ళు. చెరువు అడుగు ఆరి, చెయ్యి దూరేంత నెర్రెలిచ్చి ఉంది. కొట్టిన బంతి కొట్టినట్టు ఏదో నెర్రెలోకి దిగి మాయమయ్యేది. అంతకంటే నన్ను కలవరపెట్టినది మరొకటి. నేను కొట్టి, తల వంచుకుని ఎంతసేపు నిలబడినా డాక్టరు గారు పలకలేదు. అడిగితే, “ఇవాళ మీరే చూసుకోండి మాస్టారూ,” అన్నారు. ముఖం మరోవైపు ఉంది. ఎండ బడలిక కాబోలు అనుకున్నాను. చూసుకోవలసి వచ్చేసరికి నా తల లేచింది. తల లేచేసరికి ఆట చెడింది. తీసుకెళ్ళిన బంతులన్నీ కొల్లేటికి ఇచ్చి తిరిగి వచ్చాము. దారి పొడవునా ఆయన కథ చెప్పలేదు; నన్ను పద్యమూ అడగలేదు.

ఆ వానలు వెలిసిన తరువాత ఒకనాటి ఉదయం ఆయన కర్రల సంచి నా వసారాలో దించారు.

“చెల్లెలు ఏలూరు వచ్చెయ్యమంటోందండీ. ఒక్కణ్ణీ ఉండకూడదంట. ఇది మీ దగ్గర ఉండనివ్వండి. గ్లాసులోకి దొర్లించే కర్ర ఒక్కటీ పట్టుకెళ్తాను.”

“ఆరోగ్యం బాగానే ఉంది కదండీ?” అన్నాను.

“వయసండీ,” అన్నారు. రిక్షా ఎక్కేటప్పుడు కాలితో మెట్టు వెతుక్కున్నారు.

ఆ మరునాడు ఒక్కణ్ణే రన్‌వే మీదికి వెళ్ళాను. పట్టా పరిచాను. తల వంచాను. కర్ర ఎత్తగానే ఒక ఆలోచన మెదిలింది: ఎవరు చూస్తారు? తల లేచింది. బంతి కంపలోకి పాకింది. మరొకటి కూడా అంతే. కొన్ని వారాలపాటు ప్రతి ఉదయమూ ఇదే వరస. చూపు కోసం దెబ్బ చెడేది. చెడిన దెబ్బలో చూడడానికి ఏమీ ఉండేది కాదు. అలవాటైన ఆ గొంతు కోసం చెవులు పొరపాటున ఆగేవి. పక్కన ఎవరూ లేరని గ్రహించడానికి ప్రతిసారీ కొంత వ్యవధి పట్టేది. క్రమంగా వెళ్ళడం తగ్గించాను, ఆపైన మానాను. సంచి వసారా మూల చేరింది. పాలావిడకు గిన్నె చాచి లోపలికి వచ్చిన ఒక ఉదయం, నిన్నటి నుండి నేనొక్క మాట కూడా మాట్లాడలేదని స్ఫురించింది. రన్‌వే మీది ఆ ఉదయపు గంటసేపు కూడా పోతే ఇక నాకు మిగిలేది గిన్నె చాచడమే. భయం వేసింది. చొక్కా మార్చుకుని ఏలూరు పాసింజరు ఎక్కాను.

భీమడోలు దాటిన తరువాత కిటికీ అవతల చేపల చెరువులు మెరుస్తూ కనిపించాయి. ఏలూరులో కాలవ ఒడ్డున చిన్న మేడ. నర్సుగా పనిచేసి రిటైరైన ఆయన చెల్లెలు తలుపు తీశారు.

“రండి మాస్టారూ. పొద్దుణ్ణించీ ఆ గ్లాసూ ఆ బంతీ టకాటకా... నా కాళ్ళకి అడ్డంపడి చంపుతున్నాడండీ మా అన్నయ్య. కళ్ళు లేకపోతేనేం, ఆట మానడు.”

“కళ్ళు లేకపోవడమేమిటమ్మా?” అన్నాను.

ఆమె నా ముఖం చూసి గొంతు తగ్గించారు. “మీకు చెప్పలేదాండీ? ఎప్పట్నించో పోతున్నాయి కదా. అక్కడొక్కడూ ఎలా నెట్టుకొచ్చాడో!”

లోపల డాక్టరు గారు కుర్చీలో ఉన్నారు. నా అడుగుల చప్పుడుకు లేచి, చెయ్యి చాచారు. ఆ చెయ్యి నాకు కొంచెం పక్కగా చాచుకుంది. నేనే జరిగి అందుకున్నాను.

“శుక్లాలయితే తీయించుకోవచ్చు కదండీ,” అన్నాను, మరేమీ తోచక.

“శుక్లాలు కాదండీ, గ్లకోమా. కంటి నరం పోతుంది. పోయింది తిరిగి రాదు. డాక్టర్నండీ, తెలీదా నాకు?”

“ఎప్పటి నుంచి?”

“బంతి ఎక్కడ పడిందని మిమ్మల్ని అడిగిన నాటికే సగం పోయాయి.”

“పొద్దు కంట్లో పడిందన్నారు.”

“మబ్బురోజు కూడా అదే అన్నానండీ. మీరు పట్టుకోలేదు.”

ఆయన చెయ్యి వదిలి ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. తరువాత అడిగాను. “మరి నా బంతులు? కుడిపక్కన్నారు, కంపలకి ఇవతలన్నారు. అన్నీ దొరికాయి కదండీ.”

“మీ బంతి నేనెప్పుడు చూశానండీ? విన్నాను,” అన్నారు ఆయన. “ఇనుము నడిమిన తగిలితే ఒక మోత, అంచున తగిలితే ఒక మోత. ఆ తరవాత తీతువులు ఎటు గోలపెడితే అటు చెప్పేవాణ్ణి. మన స్టాఫన్నాను కదా. కొల్లేట్లో జనం అల్లరికి పిట్టన్నది లేకుండా పోయింది. అందుకని నోరు మూసుకున్నాను.”

“నాకెందుకు చెప్పలేదండీ?”

“చెబితే మీరు తల ఎత్తేస్తారు,” అన్నారు. కుర్చీ పక్కనున్న కర్రను తడిమి అందుకుని, “ఇంకోటి కూడా ఉందండీ. చెబితే ఇంటికెళ్ళి పడుకోమంటారు,” అన్నారు.

నేను తలుపు వైపు చూశాను. ఆయన చెల్లెలు వంటింట్లో ఉన్నారు. ఆయన తన కర్రను నా చేతికి ఇచ్చి, గ్లాసు గోడ దగ్గర ఉందన్నారు. బంతిని దొర్లించాను.

“కుడికి పోయింది. గ్లాసు పక్క నుంచెళ్ళి గోడకి తగిలింది,” అన్నారు ఆయన. సరిగ్గా అలాగే జరిగింది. “తల ఎత్తారు మీరు,” అని కూడా అన్నారు.

వచ్చేటప్పుడు ఒక గుడ్డసంచి నాకు అందించారు. అందులో బంతులు ఉన్నాయి. చేపల వల వాసన ఇంకా ఉంది. “ఇక్కడ నాకు ఒక్కటి చాలండీ. ఇవి పట్టుకెళ్ళి పోగొట్టండి. పోతే పోనీ అనుకుంటే గాని తల వంగదు.” గుమ్మం దాకా వచ్చి, నేను మెట్లు దిగిన చాలాసేపటి వరకు కాలవ వైపు ముఖం పెట్టి నిలబడ్డారు.

మరునాడు రన్‌వే మీద మంచు పట్టి ఉంది. ఒంటి తుమ్మ ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు. పీచు పట్టా పరిచి, బంతిని ఉంచి, తల వంచాను. చూద్దామన్నా కనిపించేది లేదు. పైకెత్తిన చోట సంస్కృతంలో ఆగాను. కర్ర దిగింది. నడిమిన తగిలిన మోత వినిపించింది. ఇంతకుముందు కూడా అది ఎన్నోసార్లు మోగి ఉంటుంది, ఆయన గొంతు కోసమే కాచుకుని ఉండి నేను దానిని వినలేదు. ఖాళీ పట్టాను చూస్తూ నిలబడ్డాను. మంచు వెనుక ఎక్కడో తీతువు లేచి అరిచింది.

“ఎడమచేతి వైపు, ఒంటి తుమ్మకు ఇవతల,” అన్నాను పైకి.

నడకకు వచ్చిన మనిషి ఒకరు మంచులో ఆగారు. “నన్నేనాండీ?” అని అడిగారు.

“కాదండీ,” అన్నాను.

ఆయన వెళ్ళిపోయారు. తీతువు ఇంకా అరుస్తూనే ఉంది. సంచిలోంచి మరొక బంతి తీసి, పట్టాకు రెండు బారల అవతల పడేటట్టు మెల్లగా కొట్టి, పట్టా చుట్టి చంకన పెట్టుకుని, ఆ అరుపు వినవచ్చిన దిక్కుగా నడిచాను.